రెండో దీపం ఆరలేదు

మధ్యాహ్నం 12:31. రెండో కౌంటరూ నాలుగో కౌంటరూ ఒకేసారి చచ్చిపోయాయి.

ఒకటీ మూడూ బతికే ఉన్నాయి.

శ్రీకాకుళంలో కాశీవిశ్వనాథం గారి హోల్‌సేల్ మందుల కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. నాలుగు కౌంటర్ల బిల్లులూ వెనక గదిలో సర్వర్ నుంచే రావాలి. ఎనిమిది రోజులుగా ఇదే టైముకి సగం కొట్టు ఆగిపోతోంది.

ముద్దాయి మాత్రం రెడీ. నాలుగో కౌంటర్ తులసి.

“కారేజీ తినడానికి కాలితో వైరు తన్నీసి కూకుంటాదండి,” అన్నారు కాశీవిశ్వనాథం. “ఈ రోజు కూడా పోతే రేపట్నుంచి రానక్కర్లేదని సెప్పీసాను.”

తులసిది కళింగపట్నం. తండ్రి వేట పడవ ఒడ్డెక్కి నెలైంది. ఇంట్లో పనికెళ్తున్నది ఆమె ఒక్కతే. అందుకే రెండు కాళ్ళూ కుర్చీ మీదికి మడుచుకుని కూర్చుంది. నాలుగు రోజులుగా అలాగే.

విజయనగరం నుంచి వచ్చిన నెట్‌వర్క్ ఇంజనీర్ ఝాన్సీలక్ష్మి ఆ కాళ్ళు చూసింది.

“కాళ్ళు పైనున్నాయి. వైరు ఎవరు తన్నారండీ?”

“మోకాలితో తన్నొచ్చు కదండీ.”

ఝాన్సీ దాన్ని రాసుకోలేదు.

“ఆదివారం పోతోందా?”

“పోదు! కొట్టు తీసే ఉంటాది, కానీ పోదు. ఆదివారం ఈ పిల్లకి సెలవు మరి. ఇంకేటి సాక్ష్యం కావాలి?”

“ఆదివారం ఇంకా ఏమేం రావు?”

కాశీవిశ్వనాథం మళ్ళీ నాలుగో కౌంటర్ వైపే వేలు చూపించారు.

“మళ్ళీ ఎప్పుడు బాగవుతుంది?” అంది ఝాన్సీ.

తులసి మందుల అట్టపెట్టె మూత తీసి ఇచ్చింది. వెనక పెన్నుతో రాసిన టైములు. 12:31 నుంచి 1:01. 12:30 నుంచి 1:02. 12:31 నుంచి 1:01.

“సూడండి మేడమ్. పావుగంటలో తినీస్తాను నేను. అరగంట నాకెందుకు?”

నెట్‌వర్క్ పెట్టిన వెంకీ గొంతు సవరించుకున్నాడు.

“నా తప్పేటీ లేదు మేడమ్. సర్వర్‌కీ స్విచ్‌కీ మధ్య రెండు కేబుళ్ళు కలిపి ఒకే దారిగా కట్టాను. లింక్ అగ్రిగేషన్. ఒకటీ మూడూ కౌంటర్లు ఒక కేబుల్ మీద, రెండూ నాలుగూ ఇంకో కేబుల్ మీద పోతాయి. ఒకటి తెగినా రెండోది మొత్తం మోస్తాది.”

“తెగిందా?”

“లేదు. స్విచ్ మీద రెండు కేబుళ్ళ దీపాలూ పచ్చగా ఉన్నాయి. మీరే సూడండి.”

మెట్ల పక్క గోడకి, నెట్‌వర్క్ వైర్లన్నీ కలిసే స్విచ్ పెట్టె. దానికి కుంకుమ బొట్టు, మీద బంతిపువ్వు. రెండు దీపాలూ పచ్చగానే ఉన్నాయి. పూజకి లోటేమీ లేదు.

12:44. ఝాన్సీ వెనక గదిలోకి వెళ్ళి సర్వర్ నుంచి రెండో కేబుల్ పీకేసింది.

“వెంకీ, రెండో దీపం ఆరిందా?”

“లేదు మేడమ్. వెలుగుతోం…”

ఝాన్సీ పీకిన కొస పట్టుకుని బయటికి వచ్చింది.

“కేబుల్ నా చేతిలో ఉంది. మరి ఆ దీపం ఎవరి కోసం వెలుగుతోంది?”

స్విచ్ రెండో పోర్టు నుంచి బయల్దేరిన వైరుని ఝాన్సీ చేత్తో పట్టుకుని నడిచింది. అది వెనక గదికి వెళ్ళలేదు. మెట్లెక్కింది.

12:47. తులసితో సహా నలుగురూ మెట్లెక్కారు.

పైన టీవీ సీరియల్లో అత్తగారు కోడలి వంక మూడోసారి చూస్తోంది. కాశీవిశ్వనాథం గారి భార్య కన్యాకుమారి చెయ్యెత్తి అందర్నీ ఆపింది.

“ఉండండి. ఇప్పుడే విషం కలుపుతాది.”

“ఈ వైరు ఎవరు పెట్టారండీ?” అంది ఝాన్సీ.

“నేనే. వైఫైలో సీరియల్ సుడి తిరిగి సస్తాంది. స్విచ్‌లో కాళీ లేదన్నాడు వెంకీ. సర్వర్‌కి రెండు వైర్లున్నాయని సెప్పిందీ ఆడే. ఒక పనికి రెండు వైర్లేటి? దుమ్ము దులిపినప్పుడు ఒకటి తీసి టీవీది పెట్టాను. పారీలేదు లెండి. స్విచ్ పక్క కేలండర్ ఎనకాల సుట్ట సుట్టి రబ్బరు బేండ్ ఏసాను.”

“సీరియల్ అయ్యాక?”

“ప్లగ్గు కాడ ఆపీస్తాను. కరెంటు ఊరికే వస్తాదేటి?”

“ఆదివారం?”

“ఆదివారం సీరియల్ రాదు కదమ్మా.”

కాశీవిశ్వనాథం ఫ్యాను వంక చూశారు.

“దీపం వెలిగితే అవతల ఏదో ఉందని మాత్రమే అర్థం,” అంది ఝాన్సీ. “సర్వరే ఉందని కాదు. టీవీ ఆపితే దీపం ఆరుతుంది, స్విచ్ అందర్నీ మొదటి కేబుల్ మీదికే పంపిస్తుంది. అప్పుడు కొట్టు బాగుంటుంది. టీవీ పెడితే దీపం వెలుగుతుంది, స్విచ్ నమ్మేస్తుంది. రెండూ నాలుగూ కౌంటర్ల బిల్లులు టీవీకి పంపుతుంది. వెంకీ, అవతల ఎవరున్నారో కనుక్కోమని స్విచ్‌కి సెట్టింగ్ పెట్టలేదా?”

“అది పెడితే లేటవుతాదని…”

“అయితే ఎనిమిది రోజులుగా మా బీపీ మాత్రలన్నీ ఈ అత్తగారికి పోతన్నాయా?” అంది కన్యాకుమారి, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే.

12:56. నలుగురూ కిందికి దిగారు. తులసి మళ్ళీ కాళ్ళు పైకి మడుచుకుని తన కుర్చీలో కూర్చుంది. ఝాన్సీ టీవీ వైరు తీసి, చుట్ట విప్పి, సర్వర్ కేబుల్ రెండు కొసలూ వాటి చోట పెట్టింది. రెండో కౌంటర్ లేచింది. నాలుగో కౌంటర్ లేచింది.

పైనుంచి కేక.

“ఏవండీ! టీవీ పోయిందండీ!”

కాశీవిశ్వనాథం గిర్రున నాలుగో కౌంటర్ వైపు తిరిగారు. అలవాటు.

“ఏటే తులసీ…”

తులసి కాళ్ళు కుర్చీ మీదే ఉన్నాయి. ఝాన్సీ ఆయన వంకే చూస్తోంది.

“…కారేజీ తిన్నావేటమ్మా?” అన్నారాయన.

“లేదండి.”

“తినీ. తాపీగా తిను. రేపు ఎప్పటి బస్సుకే వచ్చీ.”

తులసి కాళ్ళు కిందికి దింపింది.