బయటికి పోయిన వాన

గోదావరి పొంగి బావులన్నీ మునిగిన ఏడాది అది. వరద తీసింది గానీ నీళ్లు మళ్లీ బాగుపడలేదు. గోదావరిఖనికి ఏడు కిలోమీటర్ల దూరంలో, ఓపెన్‌కాస్టు బొగ్గుగని మట్టిగుట్టల కింద ఉన్న ఊళ్లో సారవ్వ కాళ్లు వాచి మంచం పట్టింది. బోరు నీళ్లు బందు చెయ్యకుంటే కిడ్నీలు దక్కవని డాక్టరు తేల్చేశాడు.

రేకుల మీద పడే వాననైనా పట్టుకుందామని ఆమె బిడ్డ యమున ట్యాంకు తెప్పించింది. పైపులు బిగించడానికి అంజి వచ్చాడు. బొగ్గుబాయిలో ఊరే నీళ్లను బయటికి తోడే పంపు నడిపేవాడు.

"నీళ్లు బయటికి తోలేటోనివి. నీకు పట్టుడు వస్తదా?" అంది యమున, నిచ్చెన పట్టుకొని.

"నిచ్చెన సక్కగ పట్టు. నేను పడితే మీ అవ్వతోటి నన్ను గూడ చూడాలె."

"చూస్త తియ్యి" అనేసి, నాలుక కరుచుకుంది.

అంజి చెవులు ఎర్రబడ్డాయి. చూపు ఆమె మీద, చెయ్యి వాల్వు మీద. నీళ్లను ఒక దిక్కే పోనిచ్చే వాల్వు. ఎటు పోవాలో బాణం గుర్తు ఉంటుంది. తొమ్మిదేళ్లు బాయిలో పనిచేసిన చెయ్యి, అలవాటుగా ఆ బాణాన్ని ట్యాంకు దిక్కు కాక బయటికి పెట్టి బిగించింది.

దీపావళి దాటాక ఒక మాపటేళ, పైపులు బిగించాక మొదటిసారి వాన దంచింది. యమున ట్యాంకు మూత తీసి చూసింది. అడుగున తడి లేదు. వానంతా వాల్వు దగ్గర ఆగి, పైపు పొంగి మోరీ కాలువలో పోతోంది.

కబురంది అంజి తడుస్తూ వచ్చి, బాణం చూసి అక్కడే కూలబడ్డాడు.

"బాయిల ఉన్నట్టే బిగించిన, యమునా."

"గిదే ఆఖరి వాన. మళ్ల ఏడు నెలలకు." ఆమె గొంతులో కోపం కూడా మిగల్లేదు. "గప్పటిదాంక మా అవ్వ ఏం తాగాలె?"

"ఖని నుంచి ఫిల్టరు నీళ్లు నేను మోస్త."

"ఎన్ని దినాలు మోస్తవు? వానలు పడ్డంక నువ్వెవలో, మేమెవలమో. అవ్వను ఇడిచి నేను ఏ ఇంటికీ రాను, ముందే చెప్తున్న."

అంజి లేచి ఆమె ముందు నిలబడ్డాడు.

"నిన్నెవలు రమ్మన్నరు? నేనే ఇల్లుటం అల్లునిగ వచ్చి మీ ఇంట్ల ఉంట."

లోపల సారవ్వ దగ్గింది. "ముందుగాల గా వాల్వు తిప్పుమను బిడ్డా."

యమున నవ్వలేదు. చున్నీతో అతని తల తుడిచింది.

తెల్లారి అంజి డ్యూటీకి పోలేదు. బండి మీద రెండేసి డబ్బాల నీళ్లు తెచ్చి ట్యాంకులో పోశాడు. మూడోసారి డబ్బాలతో పాటు తన బట్టల పెట్టె కూడా తెచ్చి, సారవ్వ మంచం కింద పెట్టాడు.