పారిపోవాల్సిన తోడేలు

"దాంతో మాట్లాడారా?" అంది డాక్టరమ్మ.

"ఏదో రెండు మాటలండి. బెంగపెట్టుకున్నట్టుంటేనూ..." అని నసిగాడు కొత్తగా చేరిన జీపు డ్రైవరు.

ఆ అడవిలో తోడేళ్లు అంతరించి రెండు తరాలైంది. మళ్లీ వదలడానికి కంచెలో పెంచుతున్న జంటకి మనిషి మొహం కనపడకూడదు, గొంతు వినపడకూడదు. మాంసం కూడా గోడ చాటు నుంచే విసరాలి. మనవాడికేమో జాలి ఎక్కువ. ఆడతోడేలుకి కబుర్లు చెప్పి మరీ తినిపించాడు. ఇప్పుడది జీపు చప్పుడు వింటే చాలు, తోకాడిస్తూ వచ్చేస్తోంది.

మనిషిని నమ్మిన తోడేలు ఊళ్లోకొస్తుంది, తూటాకి బలవుతుంది. అందుకే పెద్దాఫీసరు తేల్చి చెప్పేశాడు. వానలు మొదలయ్యేలోగా మనిషిని చూసి పారిపోవడం నేర్చుకుంటే అడవికి, లేదంటే జన్మంతా బోనులో.

"మీరు చేసిన అలవాటు మీరే మాన్పించండి," అంది డాక్టరమ్మ.

అది దగ్గరికొచ్చినప్పుడల్లా రేకు డబ్బాలు మోగించి తరమడమే అతని పనైపోయింది. తరిమేసి, జీపు వెనక కూర్చుని కళ్లు తుడుచుకునేవాడు. డాక్టరమ్మ మొదట్లో చూడనట్టు వెళ్లిపోయేది. తర్వాత టీ తెచ్చి పెట్టింది. ఆ తర్వాత తనూ కూర్చుంది. అక్కడ నోరు విప్పకూడదు గనక కళ్లతోనే పోట్లాడుకున్నారు. టీలో చక్కెర ఎక్కువైందని అతను సైగ చేస్తే, మర్నాడు ఆవిడ అసలు వెయ్యకుండా తెచ్చింది.

తొలి చినుకులు పడ్డ రోజున పరీక్ష పెట్టారు. అడవివైపు గేటు తీసి, ఇవతలివైపు అతన్ని మాంసంతో నిలబెట్టారు. అతను పాత గొంతుతోనే ప్రేమగా పిలిచాడు.

ఆడతోడేలు చెవులు నిక్కించింది. ఒక అడుగు ముందుకేసింది.

మరుక్షణం అది గిరుక్కున తిరిగి చెట్లలోకి దూసుకుపోయింది, వెనకే దాని జతగాడు. కాసేపటికి కొండవాలు నుంచి ఊళ వినిపించింది. పెద్దాఫీసరంతటివాడు టోపీ తీసేసి, వానలో తడుస్తూ విన్నాడు.

డ్రైవరు ఏడుస్తూ నవ్వుతూ వచ్చాడు. "నన్ను చూసి ఆడపిల్ల పారిపోతే ఇంత సంతోషం వేస్తుందనుకోలేదండి."

"నేను మాత్రం పారిపోను," అంది డాక్టరమ్మ. "మా అమ్మకి కూడా చెప్పేశాను. ఇంటికెప్పుడొస్తావో కనుక్కోమంది."

ఆ 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో అతనికి అంతుపట్టలేదు. ఇన్నాళ్లూ సైగలతో నెట్టుకొచ్చినవాడు, రేపే వస్తానని అడవి దద్దరిల్లేలా అరిచాడు.