వదిన కమీషను

ఆ ఆదివారం పొద్దున నాగలత ఉప్మాలో రెండుసార్లు ఉప్పు వేసింది. పాలు పొంగి స్టవ్వంతా కారాయి. ఊడ్చిన వాకిలినే మళ్లీ ఊడ్చింది. మనసు ఒకచోట నిలవకపోతే చేతులు మాత్రం ఎలా నిలుస్తాయి! భర్త రమణ ఉప్మా నోట్లో పెట్టుకుని ఆమె వైపు చూసి, గ్లాసెడు నీళ్లు తాగాడు.

అది 2009 ఫిబ్రవరి. నాగలత పినపాక హైస్కూల్లో టీచరు. పన్ను తగ్గుతుందని ఏటా ఈ రోజుల్లో జీతంలోంచి కొంత మ్యూచువల్ ఫండులో పెడుతుంది. పెడుతుంది అనడం పేరుకే. రమణ అక్క శారద ఫండ్ల ఏజెంటు. మణుగూరు నుంచి వచ్చి ఫారం ఆమే నింపేది, ఆమె వేలు చూపిన చోట నాగలత సంతకం చేసేది.

ఈసారి నాగలతకు ఒక కొత్త సంగతి తెలిసింది. ఏజెంటు ద్వారా పెడితే వందకు రెండు రూపాయల పైచిలుకు ముందే కోసి ఏజెంటుకు కమీషనిస్తారు. మణుగూరు ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని బ్యాంకు ఎంత తీసుకుంటుందో, ఏడాదికింత అని ఫీజు అడిగే సైట్లు ఎంత తీసుకుంటాయో పోల్చి చూసింది. ఫండు కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో తానే పెట్టుకుంటే కోతే లేదు. అక్కడికక్కడే డబ్బు పంపేసింది. ఇంట్లో చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

శారద రానే వచ్చింది. సంచిలోంచి కాగితాలు తీస్తూ తొందరపెట్టింది.

"లతా, జల్దీ సంతకం పెట్టవే. ఇంకిద్దరు సార్లను ఇండ్ల కాడ కలవాలె."

నాగలత కాగితాలు వెనక్కి జరిపింది. "ఈసారి వద్దు వదినా. నేనే కంప్యూటర్ల పెట్టిన."

"ఏందీ, పెట్టేసినవా?"

"అవ్. గట్ల పెడితె కోత లేదు."

పెరట్లో ఎండుమిరపకాయలు ఏరుతున్న అత్త ఆదెమ్మ చేతిలో చేట అక్కడే పడేసి వచ్చింది.

"ఇంటి ఆడబిడ్డ నోటికాడి ముద్ద గుంజుకుంటవా? ఖమ్మంల మిర్చి అమ్మితె అడ్తిదారుకు కమీషన్ ఇస్తలేమా? పరాయోడు తింటె ఊకుంటం. మన పిల్ల తింటె కండ్లు మండుతయా?"

"ఒక్క మాట నాతోనన్న అంటె ఏం పోయేది?" అన్నాడు రమణ.

నాగలతలో ఇన్నాళ్లు అణిగి ఉన్నది ఒక్కసారి పొంగింది. "నా జీతం ఎక్కడ పెట్టాల్నో ఇన్నేండ్ల సంది మీరే అనుకున్నరు. నన్ను ఒక్కసారన్న అడిగిండ్రా?"

అన్నాక నాగలతే భయపడింది. వదిన మనసు నొప్పించానని సర్దిచెప్పబోయింది.

"నీకు నష్టం కానియ్య వదినా. గా కమీషన్ పైసలు ఏటా చీరెకని నేనే నీ చేతిల పెడ్త."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. పుట్టింటి చీర ఏ ఆడపడుచుకూ చేదు కాదు. కానీ భర్తకు గనిలో కాంట్రాక్టు పని పోయినప్పటి నుంచి శారద ఈ సంచి పట్టుకునే ఇల్లు నెట్టుకొస్తోంది. ఆమె ముఖం మాడిపోయింది.

"చీరెకా? ఎండల తిరిగి సంపాదిస్తున్న లతా. షేర్ మార్కెట్ పడ్డప్పుడు పైసలు పెట్టినోళ్లు నోటికొచ్చినట్టు తిట్టిండ్రు, పడ్డ. గది నా కష్టం. దాన్ని దానం చేసి నా మొకాన కొడతవా?"

కాగితాలు సంచిలో కుక్కుకుని, పిలుస్తున్నా ఆగకుండా వెళ్లిపోయింది. ఆదెమ్మ కొంగుతో ముక్కు చీదుతూ కోడల్ని శాపనార్థాలు పెట్టింది.

నాగలత వంటింట్లోకి వెళ్లింది, బయటికొచ్చింది, మళ్లీ లోపలికి వెళ్లింది. 'నా జీతం నాది' అని గొంతు చించుకున్న మనిషే వదిన సంపాదనను పెట్టుపోతల్లో కలిపేసింది. ఇంట్లో వాళ్లు తనకు చేసిందే తను శారదకు చేసింది. చెప్పులు తొడుక్కుని బస్టాండుకు పరుగులాంటి నడకతో వెళ్లింది.

శారద సిమెంటు బల్ల మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది.

"తప్పయింది వదినా. గట్ల అనొద్దుండె."

శారద సంచి ఒళ్లోకి లాక్కుంది. "కోత సంగతి నాకెరుకే. చెప్తె పోతవని చెప్పలే. నాది గూడ తప్పేనే."

"నేనైతె ఇగ కంప్యూటర్లనే పెడ్త."

"పెట్టుకో. ఉత్తగ ఎందుకియ్యాలె?"

"గని రేపు మా స్కూలుకు రా. కోత ఎంతో సార్లకు ముందే చెప్పు. నచ్చినోళ్లు పెడ్తరు."

"చెప్తె ఎవరు పెడ్తరే?"

"మార్కెట్ పడ్డప్పుడు పైసలు తియ్యొద్దని ఇంటికొచ్చి ధైర్యం చెప్పినవ్. కంప్యూటర్ వస్తదా?"

శారదకు ఏడుపులోనే నవ్వొచ్చింది. మణుగూరు బస్సు వచ్చి ఆగింది. లేవబోయి, ఏదో గుర్తొచ్చినట్టు నాగలత చేయి పట్టుకుంది.

"ఇన్నేండ్లు ఫారాలు నింపిన గని, ఒక్కటి అడగలే. గా పైసలు నువ్వు దేనికోసం దాస్తున్నవే?"

పన్ను కోసం అనబోయి నాగలత ఆగిపోయింది. పన్ను తగ్గడానికని ఇంట్లో అనుకున్నారు, తనూ అదే అనుకుంది. అంతకు మించి ఎప్పుడూ ఆలోచించలేదు.

"ఏమో వదినా... నన్నెవ్వరు అడగలే. నేను గూడ అనుకోలే." నలుగురూ చూస్తున్నారన్న ధ్యాస లేకుండా ఏడ్చేసింది.

కండక్టరు రెండుసార్లు పిలిచి విసుక్కున్నాడు. శారద బస్సును పోనిచ్చి, బల్ల మీద జరిగి చోటిచ్చింది.

"కూసో. గిప్పుడు అనుకో."