తాళం వేసిన ఇంట్లో మాటలు

"మాట్లాడుతోందిరోయ్! మళ్ళీ మాట్లాడుతోంది!"

వీధి చివర్నుంచి గుమాస్తాగారి కేక. రిటైరయ్యాక ఆయనకి మిగిలిన ఉద్యోగం అదే. మూలమీది ఆ ఖాళీ ఇంటికి చెడ్డపేరు తెచ్చిందీ ఆయనే. అద్దెకున్నవాళ్ళు వెళ్ళిపోయాక, చీకటి పడితే లోపల్నుంచి ఆడగొంతులు... గుసగుసగా. ఒకటని ఈయనన్నాడు, రెండని పాలాయనన్నాడు. దానికి కాళ్ళు నేలకి ఆనవని కూడా తేలింది. చూసినవాడు లేడు, అయినా తేలింది!

దీనంతటికీ పెద్ద సాక్షి ఎవరంటారా — మన తాళాలాయన. ఊళ్ళో తాళాలు బాగుచేసేది ఆయనే. ఆ ఇంటికి తాళాలు వేసిందీ, తాళంచెవులు దాచిందీ ఆయనే.

"నేను వేసిన తాళం వేసినట్టే ఉంది. మరి లోపల మనిషెలా ఉంటుందయ్యా?" అని మీసం తిప్పేవాడు.

అంతే, దెయ్యం ఖాయమైపోయింది.

ఇవాళ గేటు బయట గుంపు చేరింది.

"తాళం నీదే కదా, నువ్వెళ్ళు బాబాయ్," అన్నాడు పాలాయన, తను మాత్రం వెనక్కి జరుగుతూ.

"నేనా?..."

"ఉందో లేదో చూసి చెప్పవయ్యా. ఉందంటే తలుపులు బిగించి పొగ పెట్టేద్దాం!" అన్నాడు గుమాస్తా. అప్పటికే ఎవడో ఎండుటాకులు పోగేస్తున్నాడు.

తాళాలాయన తలుపు తీశాడు. లోపల చీకటి... బూజు వాసన... చివరి గది తలుపు సందులోంచి — నీలంగా వెలుగు.

"ఇప్పుడేమైనా వినిపిస్తోందా?" అంది ఒక గొంతు.

ఇంకోటి, వణుకుతూ — "ఆఁ... అడుగులు. నా వైపే వస్తున్నాయి..."

తాళాలాయన కాళ్ళు నేలకి అతుక్కుపోయాయి.

"...ఇప్పుడు ఆగాయి."

"సరే. వినిపించగానే నమ్మేయం కదా. ముందేం చేస్తాం?"

"పక్కనున్నవాళ్ళని అడుగుతాం... మీకూ వినిపించిందా అని. కానీ అక్కా — నా పక్కన ఎవరూ లేరు."

ఆ రెండో గొంతు! పొద్దున "చెప్పులు మర్చిపోయావ్ నాన్నా" అన్న గొంతు...

తలుపు నెట్టాడు. "నాకు వినిపించిందమ్మా. అవి నా అడుగులే."

కూతురు! చేతిలో ఫోను, ఫోన్లో కళ్ళజోడు పెట్టుకున్న ఒక అక్క.

కొన్నాళ్ళుగా ఎవరూ లేనిచోట తనని ఎవరో పేరుపెట్టి పిలుస్తున్నారట. కాలేజీలో కూర్చోలేకపోతోందట. ఇలాంటి పిల్లలకి జబ్బు ముదరకముందే ఆస్పత్రివాళ్ళు సాయంత్రాలు ఫోన్లో తోడుంటారట. తమ ఇంట్లో గోడలు పల్చన, వీధికి చెవులెక్కువ. అందుకని మేకుకి వేలాడుతున్న తాళంచెవి తీసుకుని పెరటి తలుపులోంచి వచ్చేది. ముందు గుమ్మానికి కాపలా కాసిన మొనగాళ్ళలో ఒక్కడికీ పెరటి తలుపు సంగతి తట్టలేదు — ఆ తాళం వేసిన మహానుభావుడితో సహా!

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు గుమాస్తాగారికి చెప్తావు నాన్నా."

ఆయన కూతుర్ని పెరటి దారిన ఇంటికి పంపి, గేటు దగ్గరికొచ్చాడు.

"ఏమిటి? ఏమిటది?"

"ఎలకలు."

"ఎలకలు మాట్లాడతాయిటయ్యా?"

"మీరు మాట్లాడట్లేదూ?" అని, ఎండుటాకుల పోగుని కాలితో చిమ్మేసి వెళ్ళిపోయాడు.

విన్నదాన్ని అవునో కాదో అడిగి తేల్చుకునేది ఆ వీధి మొత్తానికి ఆ పిల్ల ఒక్కతే. తెలిస్తే పిచ్చిదన్న పేరు పడేదీ ఆ పిల్లకే. మిగతావాళ్ళంతా మహా తెలివైనవాళ్ళు మరి!

ఇంట్లో తల్లికి అంతా చెప్పారు. ఆవిడ కళ్ళు తుడుచుకుని కంచాలు పెట్టింది. మొదటి ముద్ద నోటిదాకా వచ్చి, పిల్ల చెయ్యి ఆగింది.

"నాన్నా... ఇప్పుడెవరో నన్ను పిలిచారు. మీకు వినిపించిందా?"

తాళాలాయన తినడం ఆపాడు. కిటికీ వైపు తిరిగి, నిజంగానే చెవి పెట్టి విన్నాడు.

"లేదమ్మా. నాకు వినిపించలేదు."

"నాకూ లేదే," అంది తల్లి, గరిటె పట్టుకుని నిలబడే.

"సరే అయితే," అంది పిల్ల. ముద్ద నోట్లో పెట్టుకుంది.

ఎప్పుడూ అందరి భోజనాలయ్యాకే తినే తల్లి, గరిటె పక్కన పెట్టి, తన కంచం కూడా తెచ్చుకుని వాళ్ళ పక్కనే కూర్చుంది.