జలపాతం వెనక సన్నదారి

కసిల్దా సంచీ సర్దుతోంది. రెండు గౌన్లు, వానకోటు, ఆకులో చుట్టిన మొక్కజొన్న ముద్ద, ఒక టార్చ్‌లైటు. టార్చ్‌లో మూడు బ్యాటరీలు. మధ్యది బ్యాటరీ కాదు. దాని పొట్టలో ఇంకా కడగని మైక్రోఫిల్మ్ ఉంది, వెలుతురు సోకితే చెరిగిపోతుంది.

నది అవతల ఒక ఊరు తగలబడింది. తగలబెట్టినవాళ్ళని కళ్ళారా చూసినవాళ్ళు ఇరవైముగ్గురు. వాళ్ళలో ఎవరు ఇవతలి అడవిలో ఎక్కడ దాక్కున్నారో ఆ ఫిల్మ్‌లో ఉంది. అది ఆ తగలబెట్టిన ముఠా చేతికి చిక్కితే ఒక్కరూ మిగలరు.

"ఇంకెన్నిసార్లు సర్దుతావే?" అన్నాడు భర్త ఎలూతేరియో. "సాయంత్రానికి వచ్చేస్తాంగా."

"ఆ మాట అనకయ్యా, నీకు దణ్ణం పెడతాను."

"సరే, రాములే. సంతోషమా?" నవ్వుతూ వ్యాను స్టార్ట్ చేశాడు. ఆమె నవ్వలేదు.

ముందురోజు వాళ్ళ పై అధికారి కల్నల్ ఉర్బీనా బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో ముగిసింది.

"పాలెంకే శిథిలాల దగ్గర మన ఏజెంట్ లియోనోరా మీ టూరిస్టు వ్యాను ఎక్కుతుంది. మిసోల్-హా జలపాతం దగ్గర ఫిల్మ్ ఆమెకివ్వండి. సాక్షుల్ని ఆమే వేరే చోటికి చేరుస్తుంది."

"గుర్తు పట్టడం ఎలా సార్?"

"'నీళ్ళు ఏ రంగు?' అని అడుగు. 'వాన పడితే మట్టి రంగు' అంటుంది. తుంబలా కొండల్లో పుట్టిన పిల్లేనమ్మా, మీ చోల్ తెగ మనిషే. భయపడకు."

కసిల్దాకి భయం తగ్గలేదు. ఆమెకి ఎప్పుడూ తగ్గదు.

పాలెంకేలో పాత మాయా గుడి మెట్ల కింద లియోనోరా నిలబడి ఉంది. నల్లకళ్ళద్దాలు, ఎర్ర పెదాలు, మెడలో కెమెరా. కోడ్ తడుముకోకుండా చెప్పింది.

"ఏం దోన్ ఎలూతేరియోగారూ, ఈ డొక్కు బండి మాయా రాజులదా?"

"వాళ్ళు కూడా వద్దన్నారమ్మా. అందుకే నాకొచ్చింది."

కొండమలుపుల్లో గంట గడిచాక నీడలో ఆగారు. కసిల్దా ముద్దని నీళ్ళలో పిసికి మూడు బుర్రచిప్పల్లో పొసోల్ అంబలి కలిపింది. తుంబలా కొండల్లో గుక్కగుక్కకీ చిప్ప తిప్పుతారు, అడుగున దిగిన పిండి పైకి లేవాలని. ఎవరూ ఎవరికీ నేర్పరు. నడక వచ్చిన పిల్లలకి అదీ వచ్చేస్తుంది.

లియోనోరా చిప్ప తిప్పలేదు. పైపైన తేట తాగి, "ఆహా, మా ఊరు గుర్తొచ్చింది!" అంటూ తిరిగి ఇచ్చింది. పిండంతా అడుగునే ఉండిపోయింది.

కసిల్దా ఆ చిప్ప భర్తకి చూపించింది. అతను వేస్తున్న ఈల ఆగిపోయింది.

"ఏంటా చూపులు?" లియోనోరా గొంతు మారింది. కెమెరా సంచీలోంచి పిస్తోలు బయటికొచ్చింది. "అవును, నాది తుంబలా కాదు. కోడ్ కొనడం తేలిక. నటించడం కష్టం సుమా! నాకు ఆ ఫిల్మ్ కావాలి. ఎక్కడుందో మీరు చెప్పక్కర్లేదు. మిసోల్-హాలో నా మనిషి ఉన్నాడు, అతనే కక్కిస్తాడు. పోనివ్వు."

జలపాతం వెనక రాతిలో సన్నదారి. పక్కన హోరుమని పడే నీళ్ళు, కింద లోతు తెలియని మడుగు. ముందు కసిల్దా, వెనక ఎలూతేరియో, అతని వీపుకి పిస్తోలు ఆనించి లియోనోరా. దారి చివర ముఠా మనిషి చెయ్యి చాచాడు.

కసిల్దా వేళ్ళు సంచీలోంచి తీసిన టార్చ్ మూత తిప్పుతున్నాయి. లియోనోరా అది చూసింది.

"ఆగు! కాల్చేస్తాను!"

పిస్తోలు భర్త వీపు మీంచి భార్య తలవైపు జరిగింది. ఎలూతేరియోకి ఆ ఒక్క క్షణం చాలింది. గిర్రున తిరిగి లియోనోరాని రెండు చేతులా వాటేసుకున్నాడు. పిస్తోలు పేలింది. ఇద్దరూ కలిసి మడుగులో పడ్డారు.

కసిల్దా అరవలేదు. ముఠా మనిషి అందుకునేలోపు, ముందు ఫిల్మ్ చుట్ట లాగి వెలుతుర్లో విప్పింది. పేర్లు చెరిగిపోయాక జలపాతంలోకి విసిరింది. అప్పుడు అరిచింది.

ముఠా మనిషి కారెక్కి పారిపోయాడు. మొదటి మలుపులోనే రోడ్డుకడ్డంగా తాడు పట్టుకుని అరటిపళ్ళు అమ్మే ఆడవాళ్ళు, పళ్ళు కొంటేగానీ తాడు దించమన్నారు. అతను బేరమాడుతుండగా, అప్పగింత చూసుకోడానికి వస్తున్న కల్నల్ జీపు వచ్చేసింది.

ముఠాకి ఒక్క పేరూ దొరకలేదు. ఇరవైముగ్గురూ బతికారు. లియోనోరాకి ఈత వచ్చు. ఒడ్డున దగ్గుతూ పట్టుబడింది, పెదాల రంగు కూడా చెదరలేదు.

ఎలూతేరియో ఆర్కోస్ మడుగులోంచి తిరిగి రాలేదు. 1983 మార్చి 14, సోమవారం, మధ్యాహ్నం రెండూ పది.