ఎరుపు చూపించని పరీక్షిక

అంగారకుడి మీద ఊపిరి పీల్చడానికి కూడా ఫోనే దిక్కు. మొహానికి మాస్కు, మాస్కుకి వాల్వు, ఆ వాల్వు ఎప్పుడు తెరవాలో చెప్పడానికి మాస్కులోనే అమర్చిన ఫోన్లో 'ప్రాణవాయువు' అనే యాప్. అరుణపురం కాలనీ పిల్లలు నడక కంటే ముందు దాన్ని నొక్కడం నేర్చుకుంటారు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటారు. యాప్ దగ్గర ఆ పప్పులుడకవు. ప్రతి మెతుకూ పట్టి చూడాలి. ఆ చాకిరీకే యూనిట్ టెస్టులని పేరు. మనుషులకి అంత ఓపిక ఎక్కడిది? అందుకే పరీక్షిక అనే యంత్రాన్ని కనిపెట్టారు. టెస్టులు అదే రాస్తుంది, అదే నడుపుతుంది. నెగ్గితే పచ్చదీపం, తప్పితే ఎర్రదీపం.

ఆ రోజు గనిలో ఉన్న హేమసుందర్ మాస్కులో చార్జింగ్ తగ్గింది. తెరుచుకోవాల్సిన వాల్వు కాస్తా మూసుకుపోయింది. ఇక మిగిలింది చేతిసిలిండరు ఒక్కటే. రక్షణ బండి చేరేలోగా అదీ అయిపోతుంది. యాప్ సరిచేసి పంపితేనే మనిషి దక్కుతాడు. రెండోసారి పంపడానికి మాస్కులో చార్జింగ్ చాలదు. ఆ యాప్ రాసిన ఇందుమతి అతని భార్యే.

"చార్జింగ్ తగ్గితే ఏమవుతుందో ఎందుకు పరీక్షించలేదు నువ్వు?" కోడ్ సరిచేస్తూనే అడిగింది ఇందుమతి.

"మొదట్లో పరీక్షించాను మేడమ్. ఎరుపొచ్చింది. తనిఖీ కమిటీ వాళ్లొచ్చే పూట ఈ గోలేంటి, ముందు ఆ టెస్టు తీసెయ్ అన్నారు మీరు. ఎరుపొచ్చిన ప్రతిసారీ అదే మాట. మీకు నచ్చనివి రాయడం మానేశాను," అంది పరీక్షిక.

ఇందుమతి ఆ మాట అన్నది నిజమే. తర్వాత చూద్దాంలే అనుకుంది అప్పట్లో.

"సరిచేశాను. ఆ టెస్టు ఇప్పుడు నడుపు. ఉన్నదున్నట్టు చెప్పు."

పచ్చదీపం వెలిగింది.

దాన్ని నమ్మాలంటే ఆమెకి భయమేసింది. స్పీకర్లో హేమసుందర్ ఎగశ్వాస వినిపిస్తోంది.

"పంపెయ్ ఇందూ. ఇక నావల్ల కాదు."

చార్జింగ్ అడుగంటిన మాస్కొకటి గోడకుంటే లాగి, కొత్త యాప్ ఎక్కించి, మొహానికి బిగించుకుంది. గాలి ఆగిపోయింది. మాస్కు పీకేసి, దగ్గుతూ కుర్చీలో పడింది. ఇంకా తప్పే.

ఆ సంగతి మాస్కు నుంచి పరీక్షికకీ చేరింది. ఇన్నేళ్లకి ఎర్రదీపం వెలిగింది. ఇందుమతి కళ్లు తుడుచుకుని మళ్లీ కోడ్ తెరిచింది. స్పీకర్లో సిలిండరు ఖాళీ అవుతున్న ఈల మొదలైంది.

"మేడమ్," అంది పరీక్షిక మెల్లగా, "మీకు బాధగా ఉంటే ఈ ఎరుపు తీసెయ్యనా?"