పాత కుర్చీలో పడిన గుంట

ఆ సందు చివర ఎప్పుడూ తాళం వేసే ఉండే ఇల్లొకటుంది. విరిగిన మంచాలూ చిరిగిన సోఫాలూ అందరూ దాని గోడ పక్కనే పారేసేవాళ్ళు. పారేశాక మాత్రం ఒక్కరూ ముట్టేవాళ్ళు కాదు. పాత సామాన్లవాడు సైతం పట్టపగలే మలుపు దగ్గర్నుంచి వెనక్కి తిరిగేవాడు. రాత్రయితే అక్కడ స్ప్రింగులు కిర్రుమంటాయట… ఆ వెంటనే ఆడగొంతు ఏడుపట!

మన సోఫాల మేస్త్రీకి ఇవో లెక్కా? వాడు సుత్తి చూపిస్తే చాలు, మేకు భయపడి తనే దిగిపోయేది! వాడు బాగుచేసిన సోఫాలో కూర్చున్నవాళ్ళు భోజనానికి కూడా లేచేవాళ్ళు కాదు!

అంతటివాడి ఇంట్లో కుర్చీ లేదు. తల్లికేమో ఆయాసం. పడుకుంటే ఊపిరాడదు. గోడకి ఆనుకుని తెల్లవార్లూ ఎగపోస్తూ కూర్చునేది. కొత్త కుర్చీ కొనే తాహతు లేదు.

వీధి మాటుమణిగాక ఆ గోడ దగ్గరికి వెళ్ళాడు. పెద్ద చేతుల కుర్చీ… సీటు మధ్యలో లోతుగా గుంట. నలుగురు మోసే కుర్చీని ఒంటిచేత్తో — సరే, రెండు చేతులా అనుకోండి — నెత్తికెత్తుకుని వచ్చేశాడు.

స్ప్రింగులు బిగించాడు. కొత్త పీచుకి డబ్బుల్లేక ఆ పాత కొబ్బరిపీచునే కర్రతో కొట్టి కొట్టి, దూదిలా చేసి మళ్ళీ కూరాడు. మిగులు గుడ్డ ముక్కలు అతికి పైన కుట్టాడు. గుంట మాయం!

తల్లి కూర్చుంది. “ఒరే… ఊపిరి లోపలికి వస్తోందిరా” అంది.

మర్నాడు రాత్రి ఆ కుర్చీ తాలూకు కాలిపీట కోసం మళ్ళీ వెళ్ళాడు. అక్కడ… తెల్లటి ఆకారం. నేల మీద కూర్చుని చీకట్లో చేతులతో తడుముతోంది.

“కుర్చీ ఏది?”

పులిలాంటివాడు పిల్లిలా, “మా… మా ఇంట్లో ఉందండీ” అన్నాడు.

“ఒక్కసారి చూపించవూ, బాబూ?”

దెయ్యం కాదు. పక్కవీధి ఆవిడ. భర్త పోయాడు. ఖాళీ కుర్చీని చూడలేక తనే పారేయించింది. అది లేకుండానూ ఉండలేక, రాత్రిళ్ళు వచ్చి అందులో కూర్చునేది… దారిలో ఆవిడే చెప్పింది.

సంగతి విని మేస్త్రీ తల్లి లేచి నిలబడింది. “రా అమ్మా, కూర్చో.”

ఆవిడ కూర్చోలేదు. సీటు మీద అరచెయ్యి ఆన్చి వెతికింది.

“ఇక్కడ… ఆయన కూర్చున్న గుంట ఉండాలి.”

“పూర్తిగా తీసేశానండీ!” మేస్త్రీ ఛాతీ పొంగింది. “పొద్దంతా కర్రతో కొట్టి…” అంటూనే ఆగిపోయాడు.

ఆవిడ చెయ్యి తియ్యలేదు. “బాగా చేశావు, బాబూ” అంది మెల్లగా.

జన్మలో వాడు అంత దెబ్బ తినలేదు.

అప్పుడు గోడకి ఆనుకుని నిలబడ్డ తల్లికి ఆయాసం ముంచుకొచ్చింది. ఎవరో పిలిచినట్టు ఆవిడ గిరుక్కున తిరిగింది. “అయ్యో, ఆయనకీ ఇంతే!” పొదివి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. మోచేతి కింద దిండు దోపింది. “ఇలా ఒరగండి, వదినా… హా, ఇప్పుడు ఊపిరి వదలండి.”

ఎగపోత నెమ్మదించింది. ముసలామె నిద్రలోకి జారింది.

మేస్త్రీ గుసగుసగా, “పదండమ్మా, దింపొస్తాను. కుర్చీ పొద్దున్నే మీ ఇంటికి తెస్తాను” అన్నాడు.

ఆవిడ పెదాల మీద వేలు పెట్టుకుని, కుర్చీ పక్కనే నేల మీద కూలబడింది.

“కుర్చీ వద్దు… కాసేపు ఉండనీ, బాబూ. పక్కన మనిషి ఊపిరి వినపడక… నాకు నిద్రే లేదు.”